సూది పొడిచిన చోటు

పాత కిట్లు అమ్మేవాళ్లంతా దొంగలని ఒక పేరుంది. ఆ పేరు నాకు అంటకూడదని నేను పడే తిప్పలు నాకే తెలుసు. నా కొట్లో ఉండేవన్నీ ఎంబ్రాయిడరీ కిట్లే. ఎప్పుడో మూతబడ్డ కంపెనీలవి, అట్టలు పసుపు తిరిగినవి. ఎవరో ముచ్చటపడి కొనుక్కుంటారు, డబ్బా విప్పి దారాల రంగులు చూసి మురిసిపోతారు, తర్వాత కుడదాంలే అని బీరువాలో పడేస్తారు. ఆ తర్వాత అనేది రాదు. చివరికి ఇల్లు ఖాళీ చేసేవాళ్లు తెచ్చి నా ముందు దించుతారు. విప్పినవే గానీ కుట్టనివి, అదీ నా సరుకు. కుట్టి ఊడదీసినదాన్ని కుట్టలేదని చెప్పి అమ్మితే నాకు రాత్రి నిద్రపట్టదు. అందుకే ప్రతి గుడ్డనీ కిటికీకి అడ్డంగా పట్టుకుని చూస్తాను. సూది ఒక్కసారి దిగినా సరే, అక్కడ వెలుతురు చుక్కలా బయటపడుతుంది.

"ఆ గుడ్డలో పెళ్లికొడుకు గానీ కనబడుతున్నాడటే, అంతసేపు చూస్తావు?" అంటుంది మా అత్తయ్య, మూల కుర్చీలో దారాల చిక్కు తీసుకుంటూ.

"మీ అబ్బాయికంటే బాగానే ఉన్నాడు లెండి," అంటాను.

ఒక లిఫ్టు మెకానిక్ రెండు అట్టపెట్టెలు మోసుకొచ్చిన రోజు కూడా అలాగే చూశాను. అన్నీ మా అమ్మ కాలం నాటి కిట్లు. దారం లచ్చీలకు చుట్టిన కాగితాలు కూడా ఊడలేదు. సంబరపడి మొదటి గుడ్డ పట్టుకుంటే అందులో చిల్లు. రెండోదాంట్లో చిల్లు. అన్నిట్లోనూ ఒక్కొక్కటి. నాకు ఒళ్లు మండింది.

"ఏమయ్యా, నన్ను చూస్తే వెర్రిదానిలా కనిపిస్తున్నానా? కుట్టి ఊడదీసి తెచ్చి కుట్టలేదంటావా?"

అతను పెట్టె పక్కనే గడప మీద కూలబడ్డాడు. "కుట్టలేదక్కా. కుట్టలేకపోయింది," అన్నాడు.

అవి అతని భార్యవి. ఉద్యోగం మానేశాక తీరిగ్గా కుట్టుకుందామని ఏళ్ల తరబడి దాచుకుందట. తీరిక రాకముందే పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, స్పర్శ కూడా లేదు. అయినా వారానికోసారి ఒక కొత్త కిట్టు విప్పించేది. అతను సూదిని ఆ వేళ్ల మధ్య ఇరికించి, మోచేతి కింద చెయ్యి ఆనించి పట్టుకుంటే, ఆమె భుజంతో తోసి పొడిచేది. గుడ్డ మీద మొదటి కుట్టు పడాల్సినచోట నీలి చుక్క అచ్చువేసి ఉంటుంది. సూది దాని మీద దిగాలి. దిగకపోతే ఆ గుడ్డ పాడైపోయిందని పక్కన పెట్టించేది.

"పొడిచిన ప్రతిసారీ ఏడుపేనక్కా. ఆ రోజంతా అన్నం ముట్టదు. ఇక రాదని డాక్టరు నాతో చెప్పేశాడు. నేను దానికి చెప్పలేదు. చేతికి కొన్నాళ్లు రెస్టు ఇవ్వమన్నారని అబద్ధమాడి, ఇవి అటకెక్కించానన్నాను. చెయ్యి వస్తుందన్న ఆశ మీదే బతుకుతోంది. అదొక్కటీ పోయిందా, ఇక మంచం దిగదు. అమ్మినట్టు దానికి తెలియకూడదు."

నా కోపం ఎటు పోయిందో. కొట్లో దించుకున్నాను.

దారం లాగిన గుడ్డకి చిల్లు చుట్టూ నూగు లేస్తుంది. వీటికి నూగు లేదు. కాబట్టి కుట్టనివే, నా మాట నిలబడ్డట్టే. కొన్ని పోట్లు చుక్కకి జానెడు దూరంలో ఉన్నాయి, కొన్ని వేలెడు దూరంలో. రెండు చిలకలున్న గుడ్డ మీదయితే చుక్కని ఆనుకునే ఉంది. చూశాను గానీ దాని గురించి ఆలోచించలేదు. నా ధ్యాసంతా వాటిని పూడ్చడం మీదే. గుడ్డ తడిపి, పోటు పడ్డచోట పడుగునీ పేకనీ గోటితో అటూ ఇటూ గీరి, వెనకవైపు నుంచి ఇస్త్రీ పెడితే నేత మళ్లీ కలిసిపోతుంది. అన్నీ అలా చేసి కిటికీకి పెట్టి చూస్తే ఒక్క చుక్క వెలుతురు బయటికి రాలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఇంకా ఒక్కటీ అమ్మలేదు, అతను పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒంటి మీద డ్యూటీ చొక్కా, చేతులకి గ్రీజు.

"కదిలిందక్కా! చూపుడువేలు! నిన్న నా కళ్లతో చూశాను! డాక్టరు మొహం మండ, కదిలింది!"

మా అత్తయ్య చేతులెత్తి దణ్ణం పెట్టింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గుడ్డలన్నీ దింపమంటోంది. మొదట్నించీ వరసగా పరుచుకుని చూస్తుందట. పొడిచినకొద్దీ చుక్క దగ్గరికి వస్తున్నానని దాని లెక్క. నేను పట్టించుకోలేదు గానీ నిజమే కదూ? నువ్వూ చూశావు కదూ?"

నా ప్రాణం ఉసూరుమంది. "తమ్ముడూ, పోట్లన్నీ పూడ్చేశాను," అన్నాను.

అతని మొహం చూడలేకపోయాను.

"ఉన్నమాట చెప్పెయ్ నాయనా," అంది మా అత్తయ్య. "ఒకపూట తిడుతుంది, మహా అయితే రెండు పూటలు."

"అమ్మబోయానని తెలిస్తే తట్టుకోలేదమ్మా." నావైపు తిరిగాడు. "నువ్వే మళ్లీ పొడువక్కా. ఎక్కడెక్కడున్నాయో నీకు గుర్తుంటాయి కదా."

గుర్తున్నాయి. అదే వచ్చింది చిక్కు. కూర్చుని పొడిచాను. దూరంగా ఉన్నవి దూరంగా, దగ్గరగా ఉన్నవి దగ్గరగా. చిలకల గుడ్డ మీద చుక్క పక్కనే, వెంట్రుకవాసి తేడా లేకుండా. అత్తయ్య మొహం గోడకి తిప్పేసుకుంది. "మీరిద్దరూ కలిసి ఆ పిల్ల గొంతు కోస్తున్నారే," అని గొణిగింది. నేను వినిపించుకోలేదు. కీడు చేస్తున్నానని అనుకుంటే కదా వినడానికి!

పెట్టెలతో వాళ్లింటికి నేనూ వెళ్లాను. మేడ మీద ఒకటే గది. కిటికీ పక్కన మంచం, లేవడానికి పట్టుకునేందుకు ఊచలకి కట్టిన తాడు. ఆమె దిండుకి ఆనుకుని కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్లో తువ్వాలు మీద పెట్టి ఉంది. కుట్టుపని తెలిసిన అక్క, చూస్తానంటే తీసుకొచ్చానన్నాడు అతను. ఆమె మూతి ఒక పక్కకి లాగి నవ్వింది. "రా అక్కా, కూర్చో. నా చెయ్యి చేసిన ఘనకార్యం చూద్దువుగాని."

ఏది ముందో ఏది తర్వాతో చెప్పి దుప్పటి మీద వరసగా పరిపించుకుంది. మొదటి గుడ్డ ఎడంచేత్తో తీసి కిటికీకి అడ్డంగా పట్టుకుంది, అచ్చం నేను పట్టుకున్నట్టే. రెండోది చూసింది. మూడోది. తర్వాత మధ్యవన్నీ వదిలేసి చిలకల గుడ్డ తీసింది. చాలాసేపు చూసింది.

"ఇవి నావి కావు," అంది.

"నీవే కాకపోతే ఎవరివే?" అన్నాడు అతను.

"నా సూది పక్కకి ఒరిగి దిగేది. పోటు చీలికలా పడేది. ఇవి నిటారుగా దిగాయి, గుండ్రంగా ఉన్నాయి. చెయ్యి బాగున్న మనిషి పొడిచింది."

నా మొహాన కొట్టినట్టయింది. ఎక్కడ పొడవాలో చూసుకున్నాను గానీ ఎలా దిగాలో నాకు తట్టనే లేదు. ఇక దాచి లాభం లేదని మొత్తం కక్కేశాను, అతను అమ్మకానికి తేవడం, నేను పూడ్చడం, మళ్లీ పొడవడం.

ఆమె అరవలేదు. "అమ్మడానికి ఇచ్చేశారంటే, ఇక రాదని తెలిసే ఇచ్చేశారన్నమాట," అంది.

"చెల్లీ, నీ పోట్లు నేను కళ్లారా చూశాను," అన్నాను. "నువ్వు చెప్పింది నిజం. దగ్గరికి వస్తూనే ఉన్నాయి. చిలకల గుడ్డ మీద చుక్కని ఆనుకునే దిగింది. నా బిడ్డల మీద ఒట్టు."

ఆమె నావైపు చూడలేదు. మొగుణ్ణే చూస్తోంది. "మోచెయ్యి పట్టుకున్నది మీరే కదా. దగ్గరికి వచ్చింది నా చెయ్యా, మీ చెయ్యా?"

"నీదే! నేను ఊరికే ఆసరా ఇచ్చానంతే. నిజం!"

"ఇవీ నావేనని ఇందాకే అన్నారు."

ఈ గుడ్డల మీద ఆమె చేతిది ఒక్క గుర్తయినా ఉంటే చూపించేదాన్ని. ఒక్కటీ మిగల్చకుండా పూడ్చాను.

"నిన్న వేలు కదిలిందన్నారు. నాకు తెలియలేదు. నేను అప్పుడు కిటికీలోకి చూస్తున్నాను. చూసింది మీరొక్కరే," అంది.

అతను మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "ఇప్పుడు చూడు. నీ కళ్లముందే. ఒక్కసారి కదుపు. అక్క కూడా చూస్తుంది. ఒక్కసారి కదపవే," అని బతిమాలాడు.

ఆమె ఎడంచేత్తో తన కుడిచేతిని అతని చేతుల్లోంచి తీసి, దుప్పటి కిందికి తోసేసింది. కదిపి చూడనైనా లేదు.