దొర బండి చప్పుడు

మూడు నెలలుగా మా ఇంట్లో కారు కొంటూనే ఉన్నారు. కరెంటు కారా, హైబ్రిడ్ కారా అన్న దగ్గర వ్యవహారం ఆగిపోయింది. కోరుట్ల మెకానిక్ మా పాత డీజిల్ జీపుకు ఓ దండం పెట్టి, దీని సామాన్లు ఇక ఎక్కడా దొరకవు, మళ్లీ తీసుకురావద్దని చెప్పేశాడు. మా ఆయన దామోదర్ రావు తొక్కే బ్రేకు చాలదని, పక్క సీట్లో కూర్చుని నేను కూడా కాళ్ల కింది మ్యాటును తొక్కుతూ ఇన్నేళ్లు కాపురం చేశాను. అందుకే ఆ మాట నా చెవికి చల్లగా తగిలింది.

నా ఓటు కరెంటు కారుకే. అసలు మేం పోయేదెక్కడికి? కథలాపూర్ నుంచి కోరుట్ల, జగిత్యాల. ఎప్పుడైనా సిరిసిల్లలో మా అన్నయ్య ఇల్లు. ఒకసారి ఛార్జింగ్ పెడితే ఇవన్నీ తిరిగొచ్చినా ఇంకా మిగులుతుంది. వాకిట్లో ప్లగ్గు ఉంది, రోడ్డు ట్యాక్సు మాఫీ ఉంది. ఆయనకు మాత్రం రోజుకో అనుమానం. వానలో షాకు కొడితే? బ్యాటరీ ముసలిదైతే? హైదరాబాదు దారిలో ఆగిపోతే? మనం హైదరాబాదు పోయి ఎన్నేళ్లయిందని అడిగితే, పోవాలనిపిస్తే ఎట్లా అన్నారు.

అసలు సంగతి అది కాదని నాకు తెలుసు. మా వీధి మలుపులో సాంబయ్య హోటల్ ఉంది. దాని ముందు రోడ్డుకు ఆనుకుని ఓ బెంచీ ఉంటుంది. ఒక కాలు ఉండాల్సిన చోట ఇటుకలు పేర్చి ఉంటాయి. మా జీపు చప్పుడు మలుపు రాకముందే ఊరంతటికీ వినబడేది. వినగానే బెంచీ మీద వాళ్లంతా లేచి పక్కకు నిలబడేవాళ్లు. మా మామగారి కాలం నాటి భూములు పోయాయి, కోటలాంటి మా గడి గోడలు పోయాయి, ఈయనకు మిగిలింది ఆ లేచి నిలబడటం ఒక్కటే. "ఇయ్యాల్టికి గూడ లేస్తున్నరు చూడు నర్మదా" అని ఆ మలుపు తిరిగిన ప్రతిసారీ అనేవారు. అప్పుడు ఆయన మొహం చూస్తే నవ్వాలో జాలిపడాలో నాకు తెలిసేది కాదు.

జగిత్యాల షోరూం వాళ్లు, నడిపి చూడమని కరెంటు కారును ఇంటికే పంపారు. ఆయన తెల్ల చొక్కా వేసుకుని మరీ స్టీరింగ్ పట్టారు. బండి ఊపిరి కూడా తీయనట్టు మలుపు తిరిగింది. సాంబయ్య చాయ్ వడపోస్తూనే ఉన్నాడు. బెంచీ మీద వాళ్లు ఎప్పట్లాగే రోడ్డుకు వీపు పెట్టి, హోటల్ వైపు చూస్తూ కూర్చుని ఉన్నారు, ఒక్కరూ లేవలేదు. రోడ్డుకు అడ్డంగా పడుకున్న, మా వీధి ఎల్లవ్వ బర్రె సైతం లేవలేదు. చివరికి హారన్ కొడితే లేచింది బర్రె ఒక్కటే.

ఆ రాత్రి ఆయన అన్నం సగంలో వదిలేశారు. ఇంజన్ లేనిది బండే కాదని, అది బొమ్మ అని తేల్చేశారు. హైబ్రిడ్ అయితే పెట్రోలు ఇంజనూ ఉంటుంది, బ్యాటరీ కూడా ఉంటుంది కాబట్టి అదే ఖాయం అన్నారు. ధర ఎక్కువ, పెట్రోలు ఖర్చు ఎట్లాగూ తప్పదు అని నేనంటే, మర్యాద ఊరికే వస్తదా అని నా మీదికే లేచారు. మూడు నెలల అనుమానాల్లో ఆయన నోట వచ్చిన నిజం అదొక్కటే.

సిరిసిల్లలో మా అన్న కొడుకు విశ్వజిత్‌కు హైబ్రిడ్ కారుంది. దాన్ని చూడటానికి బస్సులో పోయి, తిరుగు ప్రయాణంలో అదే కారులో వచ్చాం. మా ఆయనే నడిపారు. చందుర్తి దాటాక ఖాళీ రోడ్డు మీద ఇంజన్ గట్టిగా గుర్రుమంటే, గెలిచినట్టు నా వైపు చూశారు. వెనక సీట్లోంచి విశ్వజిత్ ఏదో చెప్పబోయాడు. చప్పుడుంది గదా, చాలు అని ఆయన వాడి నోరు మూయించారు.

మలుపు దగ్గరికి వచ్చేసరికి, తాను అందరికీ కనబడాలని అద్దం దించి వేగం తగ్గించారు. అంతే, ఇంజన్ టక్కున ఆగింది. మెల్లగా పోయేటప్పుడు బ్యాటరీ మీదే నడుస్తుందని విశ్వజిత్ అప్పుడు గొణిగాడు. ఎదురుగా మళ్లీ ఆ బర్రె. కారు సరిగ్గా బెంచీ వెనక, పిల్లిలా ఆగింది.

దుబాయ్ నుంచి మొన్ననే వచ్చిన కుమార్ బెంచీ మీది వాళ్లను నిలదీస్తున్నాడు.

"ఇంకా గా దొరొస్తె లేసి నిలవడుతున్నరా మీరు? ఏ కాలంల ఉన్నరే?"

"లేవకపోతె ఎట్ల?" అన్నాడు సాంబయ్య. "గా జీపుకు బిరేకులు లెవ్వు. పోయినేడు గీ బెంచి కాలు ఇరగ్గొట్టింది అదే గదా."

"చప్పుడైతె చాలు, నేనైతె చాయ్ ఇడిసిపెట్టి గోడకు అతుక్కుంట" అంది ఎల్లవ్వ.

అందరూ పకపకా నవ్వారు. పోయినేడు ఏదో తగిలిందని నేనంటే, అది గుంత అని ఆయన నన్నే కసిరిన సంగతి గుర్తొచ్చింది. మూడు నెలలుగా ఇలాంటి రోజు కోసమే నవ్వు దాచుకున్నదాన్ని, తీరా చూస్తే నవ్వు రాలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రెండు చేతులూ స్టీరింగ్‌ను వదలడం లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. హారన్ కొట్టి బర్రెను లేపి ఇంటికి పోదామని మెల్లగా అన్నాను.

ఆయన తలుపు తీసుకుని దిగారు. చప్పుడుకు వెనక్కి తిరిగిన సాంబయ్య చేతిలో గిన్నె అట్లాగే ఆగిపోయింది. బెంచీ మీద వాళ్లు సగం లేచి, లేవాలో కూర్చోవాలో తెలియక ఒంగి నిలబడ్డారు. ఆయన బెంచీ కింది ఇటుకల వైపు చూశారు.

"కూసోండ్రి" అన్నారు. "దీనికి బిరేకులున్నయ్."

ముందుగా నవ్వింది ఎల్లవ్వే. తర్వాత సాంబయ్య నవ్వాడు. చివరికి ఆయనకూ నవ్వు తప్పలేదు. ఎల్లవ్వ కొంగుతో బెంచీ తుడిచింది, కుమార్ అటు జరిగాడు. మా ఆయన పుట్టి పెరిగిన ఊళ్లో మొదటిసారి ఆ బెంచీ మీద కూర్చున్నారు. అది ఊగితే ఇటుక సర్దింది కుమారే.

మర్నాడు జగిత్యాలలో కరెంటు కారే తీసుకున్నాం. రెండూ మూగవే అయినప్పుడు పెట్రోలు దండగ ఎందుకని ఆయనే అన్నారు. షోరూం పిల్లవాడు బ్యాటరీ గ్యారంటీ గురించి గుక్కతిప్పుకోకుండా చెబుతుంటే మధ్యలో ఆపి, బ్రేకులెట్లా పడతాయో చూపించమన్నారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆయన సాంబయ్య హోటల్‌కు పోతారు. బెంచీకి కొత్త కాలు వేయించారు. ఆయన వస్తే ఎవరూ లేవరు. జరుగుతారు.