అరగంట దాటితే

"డబ్బా మూత తియ్యడానిక్కూడా మనిషిని పెట్టాలా ఈ మహారాణికి?" అన్నారు అత్తగారు.

కోడలు డబ్బాని పొట్టకి అదిమిపెట్టుకుని రెండు అరచేతులతో తిప్పుతోంది. వేళ్లు మాట వినడం మానేసి ఏడాది దాటింది. పొద్దున లేచేసరికి కొయ్యముక్కల్లా బిగుసుకుపోయి ఉంటాయి. వాటిని వేడినీళ్లలో ముంచి, ఒక్కో వేలినీ బతిమాలుకుని, వంటా గిన్నెలూ ముగించి, తొమ్మిదింటికల్లా కింది అంతస్తులో మొగుడి క్లినిక్కులో కూర్చోవాలి. పేర్లు రాయాలి, ఫోన్లు ఎత్తాలి, ఉత్తరాలు టైపు చెయ్యాలి. జీతం మాట ఎవరైనా ఎత్తితే డాక్టరు నవ్వేసి, "మా ఆవిడకి అదో కాలక్షేపం" అనేవాడు.

మొదటిసారి చేతులు చూపించినప్పుడు ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. "నలభై దాటాక అందరికీ ఉండేదే." రెండోసారి, "నొప్పి మాత్ర వేసుకో." మూడోసారి భోజనాల దగ్గర, అందరి ముందూ, "పని ఎగ్గొట్టడానికి రోగం కంటే మంచి సాకేముంది!" అన్నాడు. అత్తగారు పొలమారేంతగా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అని రెండు రోజులు తనని తాను తిట్టుకుంది.

ఒకరోజు డాక్టర్ల సంఘం నుంచి ఒక కాగితం వచ్చింది. కీళ్ల రోగుల్ని పెద్దాసుపత్రికి ఎప్పుడు పంపాలో ఫ్యామిలీ డాక్టర్లకి సూచనలు. "పెద్దక్షరాల్లో కొట్టి నా బల్ల ముందు అంటించు" అన్నాడు. కొట్టింది. వేళ్ల కణుపులు వాస్తే పంపండి. పొద్దుటి బిగువు అరగంట దాటితే పంపండి. రక్తపరీక్ష బాగానే ఉంది కదా అని ఆగకండి. ఆలస్యమైతే ఎముక దెబ్బతింటుంది, మళ్లీ బాగుపడదు. వాక్యం వాక్యానికీ వేళ్లు భగ్గుమంటున్నాయి. ఆ కాగితం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి, పక్కనే తన చేతులూ పెట్టింది.

"అవి పేషెంట్ల కోసం" అన్నాడు డాక్టరు. "చదివిన ప్రతి రోగమూ నీకే ఉన్నట్టనిపిస్తుందా? వెళ్లి అంటించు."

ఆ మధ్యాహ్నమే ఒక టైలరమ్మ వచ్చింది. సూది పట్టుకోలేకపోతున్నానంది. ఆయన ఆవిడ చేతిని పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని, కణుపుల మీద మెల్లగా నొక్కాడు. "ఎన్నాళ్లు ఓర్చుకున్నారమ్మా! ఈ చేతులే కదా మీకు బతుకు" అన్నాడు. టైలరమ్మ కళ్లు తుడుచుకుంది. "అర్జెంటని రాయి" అన్నాడు, భార్య వైపు చూడకుండానే.

తలుపు దగ్గర నిలబడే ఆమె ఆ మాట రాసింది. ఇన్నాళ్లూ ఆయనకి తెలియదనుకుంది. అన్నీ తెలుసు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా టైలరమ్మతో పాటు బస్సెక్కింది. పెద్దాసుపత్రిలో కీళ్ల డాక్టరమ్మ ఎక్సరే వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది.

"రెండు వేళ్లు ఇక తిన్నగా రావమ్మా. మిగిలినవైనా కాపాడుకుందాం. ఇంత ఆలస్యం ఎందుకు చేశారు? ఎవరికీ చూపించలేదా?"

"చూపించాను" అంది ఆమె.

సాయంత్రం ఆ ఎక్సరే చూసి డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. చెయ్యి పట్టుకుంటాడేమోనని ఆమెకి ఒక్క క్షణం ఆశ పుట్టింది.

"ఇది నలుగురికీ తెలిస్తే నా పరువేం కావాలి?" అన్నాడు. లేచి తలుపు వేసి వచ్చాడు. గొంతు మెత్తబడింది. "చూడు, ఒక లెటరు కొట్టు. పెద్దాసుపత్రికి వెళ్లమని నేను అప్పుడే రాశాననీ, నువ్వే వెళ్లలేదనీ. పోయినేడు తేదీ వెయ్యి, సంతకం పెడతాను. నువ్వు కాక ఇంకెవరున్నారు నాకు?"

ఆమె సంచీలోంచి ఆసుపత్రి కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

"ఈ చేతులతో ఇంక మీ ఉత్తరాలు కొట్టను. ఎన్నిసార్లు చూపించానో, ఏమేం అన్నారో ఆ డాక్టరమ్మ మొత్తం రాసుకుంది. డాక్టరుగా మీ పేరు కూడా చెప్పాను" అంది. "నా మొగుడని మాత్రం చెప్పలేకపోయాను. సిగ్గేసింది."