ఇసుకలో కావ్య చెప్పిన మాట

ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభం నీడ, మళ్లీ ఎండ, మళ్లీ నీడ, జైసల్మేర్ దాటాక నీడ అన్నదే లేదు కదా, ఇసుక తిన్నెలు తప్ప, తిరిగొచ్చి పది రోజులైనా ఈ పికప్ సీటు సందుల్లోంచి ఇసుక రాలుతూనే ఉంది, మా కంపెనీ కరెంటు బండి ఇది, ఎడారి దారుల్లో ఎలా నడుస్తుందో చూడమని పంపారు, పదిహేనేళ్ల టెస్ట్ డ్రైవర్ ఫణీంద్ర, అంటే నేను, పక్క సీట్లో టెక్నీషియన్ కావ్య, జనగామ పిల్ల, వాళ్ల నాయన వాగు ఇసుకలో ట్రాక్టర్ నడుపుతుంటే చూసి పెరిగిందట, ఇప్పుడూ పక్కనే ఉంది, ఉప్పల్ సిగ్నల్ వైపు చూస్తూ, ఎడారిలో ఆ రోజు తిన్నె ఎక్కుతుంటే బండి ఆగిపోయింది, సార్, జర ఆగుండ్రి, తొక్కితే ఇంకింత దిగుతది, టైర్ల గాలి కొంచెం తీద్దాం, మా వాగుల గిట్లనే జేస్తరు, అంది, నేను యాక్సిలరేటర్ తొక్కాను, డీజిల్ బండైతే గొంతు చించుకునేది, ఇది నోరెత్తకుండా ఇరుసు దాకా కూరుకుపోయింది, మూడు గంటలు ఎండలో చేతులతో ఇసుక తోడాం, చివరికి గాలి తీసిందీ తనే, బయటికి నడిపిందీ తనే.

రిపోర్టు మాత్రం నేను రాశాను, చప్పుడు లేనందువల్ల చక్రాలు ఉత్తినే తిరుగుతున్నట్టు తెలియలేదు, పక్కనున్న టెక్నీషియన్ హెచ్చరించలేదు, రెండే ముక్కలు, సుబ్రహ్మణ్యం గారు వచ్చే నెల కచ్ ఎడారి ప్రయాణం జాబితాలోంచి కావ్య పేరు కొట్టేశారు, మేనేజరు ఆయన, నన్నేమీ అడగలేదు, హబ్సిగూడ మలుపులో బస్సువాడు అడ్డం వచ్చాడు, బ్రేకు, సార్, ఒకటి అడగాల్నా, నిన్న మేనేజర్ సార్ మీ రిపోర్టు సూపించిండు, ఆనాడు నా మాట మీకు ఇనవడలేదా, అంది కావ్య, కోపంగా కాదు, బండికేమైందని ఆరా తీసినట్టు.

వినపడలేదమ్మా అనబోయాను, ఆ జవాబు పది రోజులుగా సిద్ధంగానే ఉంది, కానీ అద్దాల అవతల హారన్లు మోగుతున్నా బండి లోపల ఏ చప్పుడూ లేదు, ఇంజన్ లేదు, వణుకు లేదు, ఆమె గాజు సీటుబెల్టుకు తగిలినా తెలుస్తోంది, ఆ ఎడారిలోనూ ఇదే సీటు, ఇదే గొంతు, చుట్టూ హారన్లు కూడా లేవు.

వినపడింది కావ్యా, అన్నాను, మొదటిసారే వినపడింది, మరి గదే జెప్పుండ్రి మేనేజర్ సార్‌కి, అంది ఆమె, ఇవాళే చెప్తాను, అన్నాను, నాచారం ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంది, చప్పుడు లేదని రాశాను గానీ, చప్పుడు లేకపోబట్టే ప్రతి అక్షరం నా చెవిన పడింది, విన్నాను, నిజమని కూడా తోచింది, చెప్పింది నాకంటే చిన్నదని తొక్కాను.