మొదటి కాన్పు

సర్వరీ బేగం నోటికి కొత్తగూడెంలో ఆ వీధి వీధంతా జడుస్తుంది. పరుపుల దుకాణం నడుపుకునే ఆమె కొడుకు ముక్తార్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ఆ పొద్దున కలెక్టరేట్‌కు బయల్దేరుతూ తల్లిని ఇంటి దగ్గరే ఉండమని బతిమాలుకున్నాడు.

"నువ్వొస్తే పని చెడిపోతది అమ్మీ. నేను, ఆతియా, పిల్ల పోయొస్తం."

"పిల్లకు ఈ తిప్పలు తెచ్చింది నేను. నేను రాకుంటే ఎట్లరా?" అంటూ ఆమె అప్పటికే ఆటోలో కూర్చుని ఉంది.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కోడలు ఆతియాది కరాచీ. సర్వరీ బేగం చిన్నాన్న సంతానం ఎప్పుడో అక్కడికి వెళ్లి స్థిరపడింది, వాళ్ల పిల్లనే ముక్తార్‌కు చేసుకున్నారు. ఆతియా కడుపుతో ఉన్నప్పుడు ఇక్కడి దవాఖానాలోనే కాన్పు చేయిద్దామన్నాడు ముక్తార్. అత్తగారు ససేమిరా అంది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాల్సిందే. తను ముక్తార్‌ని కారేపల్లిలో తల్లి దగ్గర కనలేదా? పుట్టిల్లు కారేపల్లి అయితేనేం, కరాచీ అయితేనేం? వీసాల సంగతి, సరిహద్దుల సంగతి ఆ మహాతల్లి చెవికెక్కితేనా!

అలా సుమేరా కరాచీలో పుట్టింది. మూడు నెలల పసిగుడ్డుగా తల్లి పాస్‌పోర్టు మీద ఇక్కడికి వచ్చింది. పుట్టిన ఏడాదిలోగా మన దేశపు రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలని ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఆతియాకు తర్వాత పౌరసత్వం వచ్చింది గాని, పిల్ల ఫైలు మాత్రం ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంది. కొత్తగూడెం బడుల్లో చదివిన పిల్ల, కాగితాల మీద పరాయి దేశస్థురాలే.

ఇప్పుడా పిల్లకు మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. చేరబోతే పౌరసత్వం దగ్గర ఆపేశారు. దరఖాస్తును పైకి పంపామని కలెక్టరేట్ నుంచి ఒక్క ఉత్తరం తెస్తే తాత్కాలికంగా చేర్చుకుంటామన్నారు. రేపటితో గడువు ఆఖరు.

ఆ సెక్షన్‌కు కొత్తగా వచ్చిన అధికారి పద్మప్రియ ఫైలంతా ఓపిగ్గానే చదివింది.

"దీన్ని ఇట్లాగే పైకి పంపలేనండి. కాపురం ఇక్కడ ఉంటే పాప అక్కడెందుకు పుట్టింది? అక్కడే ఉండిపోదామనుకున్నారా? ప్రతి విచారణలోనూ అడిగారు. కారణం చెప్పలేదనే రాసుంది."

"అట్లయిపోయింది మేడం," అన్నాడు ముక్తార్ చేతులు కట్టుకుని. ఇన్నేళ్లుగా ఏ పోలీసు అడిగినా అతను చెప్పిన జవాబు అదే. సుమేరా తల వంచుకుని చున్నీ అంచు నలుపుతోంది.

సర్వరీ బేగం లేచి నిలబడింది. "అట్లెందుకైతది? నేను పంపిన."

"మీరెందుకు పంపారు?"

"ఎందుకేంది బిడ్డా? మొదటి కాన్పాయె. తల్లి దగ్గరికి కాకుంటే ఇంకెక్కడికి పంపుతరు? నువ్వెక్కడ పుట్టినవ్?"

ముక్తార్ గాభరాగా అమ్మీ, అని కొంగు పట్టి లాగాడు. ఆమె చెయ్యి విదిలించుకుంది.

పద్మప్రియ ఫైలు మీంచి తలెత్తి, "తిరువూరులో. అమ్మమ్మ వాళ్లింట్లో," అంది.

"అయితే మీది తిరువూరా?"

"కాదు, మధిర."

పక్క బల్ల దగ్గర కంప్యూటర్ ముందున్న అనిల్‌కుమార్‌ను ఎవరూ అడగలేదు. అయినా, "మాది ఈ ఊరే, పుట్టింది మాత్రం వైరాలో," అన్నాడు. మంచినీళ్లు తెచ్చిన అటెండరు బుల్లెమ్మ కూడా గ్లాసులు పట్టుకుని నిలబడిపోయింది. "నేను కూనవరం అవతల మా అమ్మమ్మ ఊర్ల పుట్టిన. అప్పుడది మన జిల్లానే. తర్వాత ఆంధ్రల కలిపిండ్రు. గట్లైతే నాది ఏ రాష్ట్రం మేడం?"

గదంతా నవ్వింది. పద్మప్రియ కూడా నవ్వింది గాని, వెంటనే సర్దుకుంది.

"పెద్దమ్మా, చట్టం ముందు ఈ ముచ్చట్లు పనికిరావు. వైరా వేరు, కరాచీ వేరు. కానీ కారణమేమిటని అడిగింది కూడా చట్టమే. మీరు చెప్పింది కారణమే. రాసిస్తారా?"

"ఎన్నిసార్లయినా రాసిస్త."

"ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదండీ మీరు?" ముక్తార్ వైపు తిరిగి అడిగింది.

అతను నేల చూపులు చూశాడు. "అమ్మీ పేరు చెబితే ఆమెను స్టేషన్‌కు పిలుస్తరని భయపడ్డ మేడం."

జీవితంలో మొదటిసారి సర్వరీ బేగానికి నోట మాట రాలేదు. కాగితం మీద సంతకం చేస్తుంటే అక్షరాలు మసకబారాయి.

సాయంత్రానికి ఉత్తరం చేతికొచ్చింది. పౌరసత్వం ఇంకా ఢిల్లీ నుంచి రావాలి, దానికెన్నాళ్లు పడుతుందో పద్మప్రియ కూడా చెప్పలేకపోయింది. చదువు మాత్రం ఆగదు.

ఇంటికి వస్తుంటే ఆటోలో సర్వరీ బేగం కోడలి చెయ్యి పట్టుకుంది. "నా మొండితనం మిమ్మల్ని ఇంత తిప్పింది. మాఫ్ చెయ్ బహూ."

ఆతియా మెల్లగా మాట్లాడే మనిషి. "మీరు పంపకుంటే నాకు ఆ ఆరు నెలలు గూడ లేకుండె. మా అమ్మ చేతి అన్నం తిన్నది అదే ఆఖరు. మళ్లీ చూడకుండనే పోయింది. సుమేరాకు మొదటి నీళ్లు పోసింది ఆమెనే." అత్తాకోడళ్లిద్దరూ ఇల్లు వచ్చేదాకా చేతులు వదల్లేదు.

మర్నాడు కాలేజీ గేటు దగ్గర సుమేరా ఉత్తరం పట్టుకుని లోపలికి ఉరకబోతుంటే నాయనమ్మ జబ్బ పట్టుకుని ఆపింది.

"రేపు నీకు పెండ్లయి మొదటి కాన్పొస్తే ఏడికి రావాలె?"

"దాదీ! ముందు నన్ను చదువుకోనీ. జల్దీ పోవాలె."

"నీ పుట్టిల్లు ఏది? చెప్పి పో."

సుమేరా కళ్లు తుడుచుకుని నవ్వింది. "కొత్తగూడెం."

"అవ్," అని అప్పుడు చెయ్యి వదిలింది సర్వరీ బేగం.