డెల్ఫియా ఇంటికి ఆఖరి మైలు

డెల్ఫియా పొద్దున్నే లేచి ముందు పొయ్యి వెలిగిస్తుంది, తర్వాత వీధి తలుపు తీస్తుంది. రాత్రి నానబెట్టిన బీన్స్ కుండలో పోసి, ఉప్పు పట్టించిన పందిమాంసం ముక్క ఒకటి వేసి, మూత పెట్టి, కాఫీ కప్పుతో వరండాలోకి వచ్చి ఊగే కుర్చీలో కూర్చుంటుంది. ఎదురుగా దారి. వాగు పక్కనే వంపులు తిరుగుతూ కిందికి, క్విలెన్ లోయ మొదట్లో ఉన్న ఇనప గేటు దాకా పోతుంది. ఆ దారి మైలు పొడుగని కౌంటీ వాళ్ళు రాసుకున్నారు. రాసుకున్న రోజున మైలే అయి ఉంటుంది.

అన్ని రోజులూ ఒకేలా ఉండదు మరి. డెల్ఫియా పెళ్ళినాడు ఆ దారి ఎంత పొట్టిదైపోయిందంటే, గేటు దగ్గర ఫిడేలు శ్రుతి చేసుకుంటున్నవాడు ఇంకా వాయించడం మొదలుపెట్టకుండానే వరండా మెట్ల మీదున్నాడు. చర్చి స్థలం గురించి తగువొచ్చి లోయలో వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసిన ఏడాది మాత్రం ఉత్తరాలతను రెండు పూటల తిండి కట్టుకుని బయల్దేరేవాడు. దీని గురించి ఎవరూ పెద్దగా చర్చించరు. "ఇవాళ దారి ఎట్లా ఉంది?" అంటే "కాస్త పొడుగ్గానే ఉంది" అంటారు. వానెట్లా ఉందని అడిగినట్టే.

ఆ కొండల్లో ఒకరింటికి వెళ్ళాలంటే గేటు దగ్గరే ఆగి కేక వెయ్యాలి. పేరు చెప్పాలి, ఎవరి తాలూకో చెప్పాలి. ఇంట్లోవాళ్ళు బదులు పలికాకే అడుగు ముందుకు వెయ్యాలి. చెప్పాపెట్టకుండా గుమ్మం దాకా వచ్చేవాడు దొంగైనా అయి ఉండాలి, పన్నులవాడైనా అయి ఉండాలి. కింద వేసిన కేకని లోయ గోడలు చేతులు మార్చుకుంటూ పైకి తెచ్చేవి. డెల్ఫియా బదులు కూడా అట్లాగే కిందికి దిగేది.

"ఎస్టిల్‌ని, అత్తా!" అని కింది నుంచి వినబడేది.

"ఏ ఎస్టిల్? కోరా మనవడు ఎస్టిలా, మా కోళ్ళగూడు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న ఎస్టిలా?"

"ఇద్దరూ నేనే, అత్తా!"

"అయితే ఇద్దరూ రండి. బీన్స్ ఉడుకుతున్నాయి!"

మనిషిని వంశంతో సహా పోల్చి లోపలికి పిలవడంలో డెల్ఫియాని మించినవాళ్ళు లేరని చుట్టుపక్కల లోయల్లో కూడా పేరు.

వయసు మీద పడ్డాక, ఒక వసంతంలో ఆవిడకి జ్ఞాపకాలు జారిపోవడం మొదలైంది. మొదట చిన్నచిన్నవే. కాఫీలో ఉప్పు, ఫ్రిజ్‌లో చెప్పులు. తర్వాత బీన్స్ కుండ ఒకసారి అడుగంటింది, ఇంకోసారి నల్లగా బొగ్గైంది. ఆ తర్వాత ఒక ఆదివారం రెనీటా గేటు దగ్గర నిలబడి కేక వేసింది. రెనీటా డెల్ఫియా చెల్లెలు లోవినా కూతురు. తల్లి పోతే ఆ ఇంట్లోనే, ఆ వరండాలోనే పెరిగింది. ఇప్పుడు కొండకి అవతల పట్నంలో కాపురం.

"రెనీటాని, పెద్దమ్మా!"

 కాసేపటికి సన్నగా దిగివచ్చింది గొంతు. "ఏ రెనీటావమ్మా? ఎవరి పిల్లవి?"

పెద్దమ్మ ఎప్పటిలాగే ఆట పట్టిస్తోందనుకుని రెనీటా నవ్వింది. "లోవినా కూతుర్ని!"

"లోవినా ఎవరు?"

రెనీటా గేటు తోసుకుని నడక మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె పెద్దమ్మ ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది.

ఆ తర్వాత దుకాణంలో, చర్చిలో, కనబడ్డవాళ్ళకల్లా చెప్పింది. "మా పెద్దమ్మని కేకెయ్యకండి. ఎవరో పోల్చుకోలేక లోలోపల నలిగిపోతోంది. నెమ్మదిగా వెళ్ళి తలుపు తట్టండి, చాలు." జాలిగల మనుషులు, అందరూ సరేనన్నారు. కానీ కేకెయ్యకుండా ఒకరి గుమ్మం తొక్కడం ఆ లోయలో ఎవరికి చేతనవుతుంది? గేటు దాకా వచ్చి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. దారి పెరగసాగింది. ఆవిడ బుర్రలోంచి పేర్లు జారిపోతున్నాయి కాబట్టి దారి కూడా కుట్లు విడిన ఊలు కోటులా సాగుతోందని చెప్పుకున్నారు. అదే నిజమనుకున్నారు.

క్లినిక్ నర్సు ఒక ఉపాయం చెప్పింది. రోజూ పొద్దున డెల్ఫియా వీడియో కాల్లో తెరమీద కనబడి, నర్సు ఎదుటే మాత్రలు మింగి, పొయ్యి భద్రంగా ఉందని చూపించగలిగితే ఇంట్లోనే ఉండొచ్చు. లేదంటే పట్నంలో వృద్ధుల ఆశ్రమంలో మంచం ఒకటి ఉంది, ఆకులు రాలే కాలం దాకా ఆవిడ కోసం ఆపుతారు. లోయలోకి సెల్ సిగ్నల్ రాదు. పాత టెలిఫోను తీగ వరదల్లో కొట్టుకుపోయింది. టెలిఫోను సహకార సంఘంవాళ్ళు ఇంటర్నెట్ కోసం ఒక్కో లోయలోకీ గాజు తీగ లాక్కుంటూ వస్తున్నారు. ఇక మిగిలింది గేటు నుంచి డెల్ఫియా ఇంటికి ఉన్న ఆ మైలే.

"ఆ ఆశ్రమంలో నాకు కిటికీ ఉంటుందా?" అని డెల్ఫియా అడిగింది.

"ఉంటుంది పెద్దమ్మా. కార్లు పెట్టేవైపు."

"కార్లు వాగులాగా చప్పుడు చేస్తాయా?"

రెనీటా గిన్నెలు కడగడానికి లేచింది.

తీగ లాగడానికి వచ్చిన వాళ్ళకి పెద్ద, కోరా మనవడు ఎస్టిలే. ఇప్పుడు అతనికే మనవలున్నారు. అతనితో రమోనా అనే ఒహాయో రాష్ట్రపు ఆవిడ వచ్చింది. వెంట్రుకంత గాజు పోగుల్ని అతకడం ఆమె పని. కేకెయ్యొద్దన్న మాట విని ఉన్నారు కనక గేటు చప్పుడవకుండా తీసి, స్తంభం తర్వాత స్తంభం తీగ కట్టుకుంటూ పోయారు. మధ్యాహ్నానికి తీగ చుట్టిన డ్రమ్ము ఖాళీ అయింది. ఇల్లు ఇంకా కనుచూపు మేరలో లేదు. వెనక్కి తిరిగి చూస్తే, పొద్దున ఒకదాని పక్కనొకటి నిలబడ్డ స్తంభాలు దూరంగా జరిగిపోయి, చెయ్యూపి వీడ్కోలు చెప్పుకుంటున్నట్టున్నాయి. వాటి మధ్య తీగ ఫిడేలు తంత్రిలా బిగుసుకుని ఉంది.

"మా అమ్మమ్మగారి ఊళ్ళో చెరువూ ఇంతే. కొన్నాళ్ళు అవతలి గట్టే కనబడేది కాదు," అంది రమోనా చెమట తుడుచుకుంటూ. "పెద్ద డ్రమ్ము తెప్పించు."

పెద్ద డ్రమ్ము వచ్చింది. బీచ్ అనే తెల్లకాండం చెట్టున్న వంపు దగ్గర అదీ అయిపోయింది. ఇంకో ముక్క అతికారు. దారి ఇంకొంచెం జరిగింది. సంఘం ఆఫీసువాళ్ళు లారీలోని వైర్‌లెస్‌లో, "శుక్రవారం దాకా చూడండి. అయితే అయింది, లేకపోతే కొండ అవతలి పని మొదలుపెట్టాలి. మళ్ళీ వచ్చే ఏడు చూద్దాం," అన్నారు.

వచ్చే ఏడు అంటే డెల్ఫియాకి ఆశ్రమమే.

శుక్రవారం పొద్దున రెనీటా వచ్చింది. కారు వెనకసీట్లో ఖాళీ సూట్‌కేసు ఉంది. తీగ అందకపోతే పెద్దమ్మ బట్టలు సర్దుకుని తీసుకెళ్ళిపోదామని. గేటు దగ్గర ఎస్టిల్ హెల్మెట్ తీసి స్తంభానికి తగిలించి, రెండు చేతులూ నోటి చుట్టూ దోనెలా పెట్టడం చూసి కారు దిగి పరిగెత్తింది.

"వద్దు ఎస్టిల్! చెప్పాను కదా."

"చెప్పావు. నీ మాట వినే ఇన్నాళ్ళూ దొంగలా నక్కుతూ పోయాను. మా నానమ్మ బతికుంటే చెవి మెలేసేది."

"ఆవిడ నిన్ను పోల్చుకోలేదు. నన్నే పోల్చుకోలేదు."

"పోల్చుకోకపోతే పోనీలే రెనీటా. నేనెవర్నో నాకు తెలుసుగా."

అని గుండెల నిండా గాలి పీల్చి కేకేశాడు. "ఎస్టిల్‌ని, అత్తా! కోరా మనవణ్ణి!"

పైన వరండాలో డెల్ఫియా చలికాలానికి ఎండబెట్టడానికి చిక్కుడుకాయలు దారానికి గుచ్చుతోంది. కేక వినగానే సూది ఆగింది. ఎన్నాళ్ళయిందో ఆ దారిన ఒక గొంతు వచ్చి! కోరా. కోరా అంటే... ఎర్ర తలగుడ్డ, పిండి అంటిన చెయ్యి, కోళ్ళకి సంబంధించింది ఏదో. వాగులో చేప మెరిసినట్టు మెరిసి జారిపోయింది. తప్పు పేరు చెబితే ఎట్లా? కిందనున్నవాళ్ళు నవ్వినా బాగుండును, జాలిపడతారు. ఆవిడ రెండు చేతులూ ఒడిలో ముడుచుకుంది.

మళ్ళీ వచ్చింది కేక. అంతకంటే మెల్లగా, అడుగుతున్నట్టు.

తన జన్మలో ఒక కేకని ఊరికే వదిలేసిన మనిషి కాదు డెల్ఫియా. లోపలికి చూసింది. కుండ మీద మూత చిన్నగా ఎగిరెగిరి పడుతోంది. అది మాత్రం ఏమిటో తెలుసు. లేచి, వరండా స్తంభం పట్టుకుని, మెడనరాలు తేలేలా అరిచింది.

"ఎవరివో తెలీట్లేదు నాయనా! ఎవరివైతేనేం, రా! బీన్స్ ఉడుకుతున్నాయి!"

 కింద, లారీ మీద పైకి లేపిన బుట్టలో నిలబడ్డ రమోనా, "వదులవుతోంది! తీగ వదులవుతోంది, చుట్టండి!" అని అరిచింది. స్తంభాలు మేతకెళ్ళిన ఆవులు ఇంటికి తిరిగొచ్చినట్టు ఒక్కొక్కటే వచ్చి తమ చోట నిలబడ్డాయి. బీచ్ చెట్టు దగ్గర వేలాడిన తీగ కొస ఇప్పుడు వరండా మెట్టు మీద పడి ఉంది. ఎస్టిల్ చుట్టాడు, చుట్టాడు. చూరు కింద పెద్ద చుట్ట వేలాడదీసినా ఇంకా బోలెడు మిగిలింది. అందులో ఒక ముక్క డెల్ఫియా అడిగి తీసుకుని చిక్కుడుకాయల దండలు వేలాడగట్టుకుంది. దారంకంటే ఇదే గట్టిదంది.

రెనీటా ఏడుస్తూ ఇంటివైపు బయల్దేరింది. కళ్ళు తుడుచుకునేలోపు మెట్ల దగ్గరుంది. సూట్‌కేసు కార్లోనే ఉండిపోయింది.

డెల్ఫియా అందరికీ పళ్ళాలు పెట్టింది. రమోనా గరిట అందుకుంటూ, "నేనెవరో అడగరా?" అంది.

"అడిగితే మాత్రం గుర్తుంటుందా? తిను, చల్లారిపోతుంది."

ఆ రోజు నుంచి గేటు దగ్గర మళ్ళీ కేకలు మొదలయ్యాయి. ఎవరి పేరూ ఆవిడకి దొరకదు. "తెలీట్లేదు, రా" అంటుంది. వాళ్ళు వస్తారు. దారి ఎప్పుడూ మైలు దాటలేదు. పొద్దున్నే వంటగది బల్ల మీది తెరలోకి నర్సు వస్తుంది, మాత్రలు మింగేదాకా చూస్తుంది, పొయ్యి సంగతి కనుక్కుని వెళ్ళిపోతుంది. ఆశ్రమంలో మంచం ఇంకెవరికో ఇచ్చేశారు. నర్సు వెళ్ళాక అదే తెరలోకి రెనీటా వస్తుంది. ముఖం కనబడకముందే పట్నంలో తన వంటగదిలోంచి కేకేస్తుంది, పక్కింటివాళ్ళు ఏమనుకున్నా సరే. "రెనీటాని, పెద్దమ్మా! లోవినా కూతుర్ని!"

"తెలీట్లేదమ్మా. అయినా రా. బీన్స్ ఉడుకుతున్నాయి."

"వస్తా పెద్దమ్మా," అంటుంది రెనీటా. అక్కణ్ణుంచి కొండ చుట్టి రావాలి, ఆఫీసుంది, పిల్లల బడి ఉంది. ఆదివారం దాకా కుదరదని ఇద్దరికీ తెలుసు.

మొదటిసారి మంచు పట్టిన పొద్దున, రోజూ అనే ఆ మాటలు అయ్యాక, రెనీటా కాఫీ పిప్పి పారేద్దామని పెరటి తలుపు తీసింది. కంచె అవతల బట్టలుతికే దుకాణం ఉండాల్సిన చోట వాగు చప్పుడవుతోంది. ఇనప గేటు ఓరగా తెరిచి ఉంది. దాని వెనక వంపు, వంపు మీద పొగ, గాలిలో బీన్స్ వాసన.

ఆమె పిప్పి మొక్కల మొదట్లో పోసి లోపలికొచ్చింది. ఓవెన్లోంచి అప్పుడే తీసిన మొక్కజొన్న రొట్టె, తల్లి వాడిన ఇనప పెనంలోనే ఉంది. పెనాన్ని గుడ్డతో పట్టుకుని చెప్పులేసుకుని బయల్దేరింది. గేటు దగ్గర ఆగి కేకేసింది. బదులు వచ్చాక లోపలికి నడిచింది. పెనం బల్ల మీద పెట్టేసరికి రొట్టె ఇంకా ఆవిర్లు కక్కుతోంది.

డెల్ఫియా ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమలడం ఆపింది. కిటికీలోంచి దారివైపు చూసింది, పెనం వైపు చూసింది, ఎదురుగా ఉన్న మనిషి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఎవరు చేశారో గానీ, అచ్చం మా లోవినా చేతి రొట్టె," అంది.

రెనీటా మజ్జిగ తేవడానికి లేచింది.