తిన్నావామిన్

ఇరవయ్యేళ్లు అచ్చుయంత్రాల మోతలో పనిచేసి బైండరుకు చెవులు మొద్దుబారాయి. అందుకని ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడతాడు. రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు అది మోగుతుంది.

“తిన్నావా?”

“తింటున్నానే.”

“కూరలో కారం ఎక్కువైందేమో?”

“నీ నోటికంటే తక్కువే.”

అవతల భార్య నవ్వు. ఎదురు బల్ల దగ్గర ప్రూఫురీడరుకు ముద్ద గొంతు దిగదు. అతని భార్య పోయి మూడేళ్లు. ఆమె కూడా ఇలాగే అడిగేది. “తినక చస్తానా” అని ఫోన్ పెట్టేసేవాడు. చచ్చింది ఆమె.

ఆ వారం వాళ్లు అచ్చువేసే పత్రికలో ఆరోగ్యం పేజీ అడుగున కొంత జాగా మిగిలింది. మిగిలిన జాగా నింపడం ప్రూఫురీడరు పనే. బైండరును నలుగురిలో నవ్వులపాలు చేయాలని కలం తీశాడు.

“శాస్త్రవేత్తలు కొత్త పోషకాన్ని కనుగొన్నారు. పేరు తిన్నావామిన్. ఇది గింజల్లో లేదు, పండ్లలో లేదు. ‘తిన్నావా’ అని ఇంకొకరు అడిగితే చెవి గుండా ఒంట్లో చేరుతుంది. రోజూ పుచ్చుకునే మగవాళ్లను ఎలుకల పక్కన పెట్టి పరీక్షించగా, ఎలుకలకే తెలివి ఎక్కువని తేలింది. స్పీకర్లో పుచ్చుకుంటే పొట్ట పెరుగుతుంది.”

ఇంకా రెండు లైన్లు ఖాళీ. ఆలోచించకుండా నింపేశాడు. “లోపిస్తే చొక్కా గుండీలు ఊడతాయి. నోరు చేదెక్కుతుంది. పక్కవాడి ముద్దలు లెక్కపెట్టే జబ్బు వస్తుంది.”

పత్రిక వచ్చింది. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ బైండరే నవ్వాడు. ఏడుస్తాడనుకున్నవాడు నవ్వితే ఏడిపించినవాడికి ఏం మిగులుతుంది?

మర్నాడు పన్నెండున్నరకు బైండరు ఫోన్ తెచ్చి ప్రూఫురీడరు బల్ల మీద పెట్టాడు.

“మా ఆవిడ నీతో మాట్లాడుతుందట, అన్నా.”

“అన్నయ్యగారూ, తిన్నారా?”

అతని చెయ్యి చొక్కా మీద గుండీ లేని చోటికి పోయింది.

“తిన్నానమ్మా.”

“డబ్బా మూతే తియ్యలేదు” అన్నాడు బైండరు. “ఆ చివరి రెండు లైన్లకు మా ఆవిడ నవ్వలేదన్నా. ఎవరు రాశారంది. చెప్పాను. ఇకమీదట రోజూ ఇద్దరినీ అడుగుతుందట. పోనీలే, దాని నోటికి పని కావాలిగా.”

ప్రూఫురీడరు డబ్బా తీసుకుని గోదాములోకి పోయాడు. కాగితపు కట్టల మధ్య కూర్చుని తిన్నాడు. మూడేళ్ల తర్వాత ఆ పూట ముద్ద దిగింది. అదే అతనికి గిట్టలేదు. ఎవడి పెళ్లామో అడిగితే గాని దిగని బతుకా?

తర్వాతి వారం అదే పేజీ అడుగున మూడు ముక్కలు పడ్డాయి.

“సవరణ. తిన్నావామిన్ గురించి కిందటి వారం ఒక సంగతి రాయలేదు. పక్కింటిది ఒంటికి పట్టదు.”

బైండరు ఆ పేజీ మడత పెట్టబోతూ ఆగి చదివాడు.

ఇప్పుడు ఫోన్ మోగితే స్పీకరు తీసేసి, చెవికి నొక్కిపెట్టుకుని, గోడవైపు తిరుగుతాడు. ఎదురు బల్ల దగ్గర ప్రూఫురీడరు ముద్ద పట్టుకుని చెవులు రిక్కించుకు కూర్చుంటాడు. ఏమీ వినపడదు.