కాళమ్మ లాక్ చేసిన జవాబు

హిందీ, తెలుగు కలిసిపోయిన దీవిలోని వండూర్ జాలరిపేటలో టీవీ లేని ఇల్లుంటే ఉంటుందేమో గానీ, "లాక్" అనని నోరు మాత్రం లేదు. హిందీ క్విజ్ ఆటలో జవాబు చెప్పినవాణ్ణి "లాక్ చేసేయమంటారా?" అని అడుగుతారు కదా, ఆ మాట టీవీలోంచి దిగి వీధిలో పడింది. చేపల బేరం కుదిరితే లాక్. కూరలో ఉప్పు సరిపోతే లాక్. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చితే తాంబూలాలకన్నా ముందు లాక్.

అందరికీ అది ఊతపదమే. కాళమ్మ నోట మాత్రం నిజంగానే తాళం పడేది. ఆవిడ అడిగి, ఎదుటివాళ్లు "లాక్" అన్నారా, ఆ జవాబు ఇక చచ్చినా మారదు. "ఇక తాగవు కదా మావా, లాక్ చేసీమంటావా?" అని ఒకసారి గురునాథాన్ని అడిగింది. మత్తులో ఉన్నాడేమో, సరదాగా "లాక్!" అన్నాడు. మర్నాటినుంచి గ్లాసెత్తితే చెయ్యి పెదవి దగ్గరే ఆగిపోయేది. పాపం, ఏడ్చాడు కూడా. అతని భార్య గిన్నెడు రొయ్యలు తెచ్చిచ్చి, నీ కడుపు చల్లగుండ అని దీవించి పోయింది.

ఒక్క విషయంలో కాళమ్మ నోరు కట్టేసుకునేది. వేటకి బయల్దేరే మనిషిని ఏదీ అడగకూడదు. ఎక్కడికని గానీ ఎప్పుడొస్తావని గానీ అడిగితే సముద్రం వింటుందని పేటలో పెద్దల మాట. పోయినేడు మొగుడు జోగులు వెళ్తుంటే ఆవిడ పద్ధతి ప్రకారం నోరెత్తలేదు. జోగులు తిరిగి రాలేదు. తన మౌనం మీద తనకే ఇప్పటికీ కోపం.

అందుకే ఆ ఉదయం, గాలి తిరుగుతోందని తెలిసీ కొడుకు చిరంజీవి బోటెక్కబోతుంటే ఆగలేకపోయింది.

"సాయంత్రానికి ఇంటికొచ్చీస్తావా నాయినా? లాక్ చేసీమంటావా?"

ఒడ్డునున్న ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. చిరంజీవి నవ్వేశాడు.

"అరే, టెన్షన్ మత్ లే అమ్మా. లాక్!"

మధ్యాహ్నానికి గాలివాన పట్టుకుంది. దీపాల వేళకి చిరంజీవి ఇంటికొచ్చాడు. బోటు లేదు, ఒంటిమీద చొక్కా లేదు, మోకాళ్లు పగడపు రాళ్లకి చీరుకుపోయి ఉన్నాయి. కాళమ్మ వాణ్ణి వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది, వేడి గంజి పోసింది. వాడు ముట్టలేదు.

బోటులో ఇద్దరు వెళ్లారని చెప్పలేదు కదూ. కాళమ్మకీ అప్పటిదాకా గుర్తు రాలేదు. రెండోవాడు ఆవిడ చెల్లెలి కొడుకు చక్రి. అతని భార్య శ్రావణి తడిసిన బట్టలతో గుమ్మంలో నిలబడింది.

"బావా, ఆయనేడీ?"

చిరంజీవి తలెత్తలేదు.

"బోటు తిరగబడ్డాక తమ్ముడు నా ఎనకే ఉన్నాడు. సెయ్యందేంత దూరంలో. అన్నియ్యా, అన్నియ్యా అని పిలుస్తానే ఉన్నాడు. ఎనక్కి తిరుగుదామంటే కాళ్లూ చేతులూ నా మాట ఇన్లేదు. కసమ్ సే, ఒట్టు, ఎంత పెనుగులాడినా ఇంటివైపే ఈదుకొచ్చీసినాయి."

అదెలా జరిగిందని ఎవరూ అడగలేదు. శ్రావణి ఏడవలేదు. కాళమ్మ వైపు తిరిగింది.

"ఆయనా పక్కనే ఉన్నాడు కదత్తా. నన్నూ అడుగు పెద్దమ్మా అన్నాడు కూడా. నాను ఇన్నాను. ఆ ఒక్క ముక్కా ఆయన్నీ అడిగితే నీదేటి పోయేది?"

తనకి వినబడలేదని చెప్పబోయి, కాళమ్మ ఆగిపోయింది. వినబడింది. కొడుకు లాక్ అన్నాడు, అంతే చాలనుకుని, కొంగు బిగించుకుని ఇంటికొచ్చేసింది.